పంపినవారి ఋణము

మా పాఠశాలలో ఒకనాడు ఎనిమిదవ తరగతి పిల్లలకు అంతరిక్షయాత్రను గూర్చి చెప్పుచుంటిని. భూమికి సుమారు 400 కిలోమీటర్ల యెత్తున తిరుగుచున్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రములోని వ్యోమగాములు దినమునకు 16 మాఱులు సూర్యోదయమును చూతురని చెప్పగా పిల్లలు చప్పట్లు కొట్టిరి. వారు గాలిలో తేలుచు అన్నము తిందురని చెప్పగా నవ్విరి. పిదప, అట్లు తేలుట వలననే వారి యెముకలు బలహీనపడుననియు, కండలు క్షీణించుననియు, కొందఱికి చూపు మాఱుననియు చెప్పితిని. తరగతి నిశ్శబ్దమయ్యెను. వెనుక బల్లపై కూర్చున్న యొక బాలిక లేచి, "మాస్టారూ, పాడైపోతారని తెలిసి కూడా వాళ్ళని ఎందుకు పంపుతారండీ?" అని యడిగెను.

"వారే యిష్టపడి పోవుదురమ్మా" అని బదులు చెప్పితిని. ఇంతలో గంట కొట్టిరి. బాలిక కూర్చుండెను గాని యా బదులు ఆమెకు తృప్తి కలిగించినట్లు నాకు తోచలేదు. నిజము చెప్పవలయునన్న, నాకును కలిగించలేదు. ఇష్టపడి పోవువారి విషయమున పంపువారికి బాధ్యత యేమియు లేదా? ఉన్నచో అది యెంతవఱకు? ఈ ప్రశ్నను చదువరుల యెదుట నుంచుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాను.

మొదట విషయమును సరిగా తెలిసికొందము. అంతరిక్ష కేంద్రమున భూమ్యాకర్షణము లేదని పలువురు తలంతురు. అది పొరపాటు. ఆ యెత్తున నది నేలమీదనున్న దానిలో ఇంచుమించు పదింట తొమ్మిది వంతులు ఉన్నది. అయితే నౌకయు అందలి మనుజులును భూమి చుట్టును ఎడతెగక పడుచునే యుండుటచేత వారికి బరువు తెలియదు. బరువు మోయుట లేనప్పుడు మోయుటకై యేర్పడిన యవయవములను పోషించుట దేహము తగ్గించును. తగిన వ్యాయామము లేనిచో తుంటి, వెన్ను మొదలగు చోట్ల యెముకల సాంద్రత నెలకు నూటికి 1 మొదలు 1.5 వంతు వఱకు తగ్గునని వైద్యులు కనుగొనిరి. నేలమీద కాళ్ళలో నిలుచు ద్రవములు తలవైపు చేరును; ముఖము ఉబ్బును, కాళ్ళు సన్నగిల్లును. కొందఱిలో కంటి నరము వాచి, కనుగ్రుడ్డు వెనుకభాగము చదునగును. నెలల తరబడి అంతరిక్షమున నుండి వచ్చిన వారిలో నీ నేత్రవికారమును వివరించిన వైద్యవ్యాసము 2011లో వెలువడినది. అప్పటికే మానవుడు అంతరిక్షమున కేగి 50 సంవత్సరములు గడచినవి.

ఈ జ్ఞానము పుస్తకములలో పుట్టినది కాదు. 1970లో సోయుజ్-9 నౌకలో నికొలాయెవ్, సెవస్త్యానొవ్ అను సోవియట్ వ్యోమగాములు 18 దినము లుండి వచ్చినప్పుడు సరిగా నడువలేని స్థితిలో నుండిరి. తరువాతి యాత్రలలో వ్యాయామమునకు ప్రాధాన్యము హెచ్చెను. నేడు అంతరిక్ష కేంద్రమున నుండువారు దినమునకు సుమారు రెండు గంటలు ఇందుకే వినియోగింతురు. పట్టీలతో బిగించుకొని ట్రెడ్‌మిల్లుపై పరుగెత్తుదురు, సైకిలు త్రొక్కుదురు, బరువులెత్తుటకు మాఱుగా నమర్చిన యంత్రముతో పెనగుదురు. 1994 జనవరిలో వలేరీ పొల్యకోవ్ అను వైద్యుడు మీర్ కేంద్రమునకు పోయి 437 దినము లుండి, 1995 మార్చిలో తిరిగివచ్చెను. కుజగ్రహమునకు పోవునంతటి దీర్ఘయాత్రను మనుష్యుడు సహింపగలడని చూపుట యాతని సంకల్పము. నేలకు దిగిన పిదప ఆతడు నౌకనుండి ప్రక్కనున్న కుర్చీ వఱకు స్వయముగా నడచెను. ఆ నాలుగడుగుల వెనుక పదునాలుగు నెలల నియమము ఉన్నది.

ఇచ్చట నొక హెచ్చరిక యవసరము. "చూచితిరా, బరువు మోయనిచో మనుష్యుడు చెడును; కావున ఎవరి బరువును వారు నోరెత్తక మోయవలయును" అని యీ కథనుండి సులభముగా నొక నీతిని తీయవచ్చును. మన యిండ్లలో నిట్టి నీతులకు కొదువ లేదు. వానిని చెప్పువారు సాధారణముగా మోయువారు కారు. వ్యోమగామి యెత్తు బరువు కొలిచి యిచ్చినది. వాని బలమును నిలుపుటకై వానికే యిచ్చినది. ఎక్కువైనచో తగ్గించుటకు వైద్యుడు కనిపెట్టియుండును. తెల్లవారుజామున లేచి రాత్రి పదింటి వఱకు వంటయింట నిలుచు స్త్రీ బరువును ఎవరు కొలిచిరి? ఎవరి బలమునకై యామె దానిని మోయుచున్నది? ఈ భేదమును గుర్తింపని యుపమానము విద్య కాదు, మోసము.

ఇక ఇష్టము మాట. వ్యోమగాములు చదువుకొన్నవారు, వివేకవంతులు. వేలకొలది యభ్యర్థులలో నెన్నికైనవారు. వారి సమ్మతి నిక్కమైనదే. అయినను సమ్మతించువాడు దేనికి సమ్మతించుచున్నాడో తెలిసియుండవలెను గదా! 2011కు పూర్వము పోయినవారికి నేత్రవికారమును గూర్చి నేడు తెలిసినంత తెలియదు, పంపినవారికిని తెలియదు. తెలియని యపాయమునకు సమ్మతి యెట్లు కుదురును? యాత్రయొక్క పరిమాణమే నడుమ మాఱవచ్చును. 2022 సెప్టెంబరులో ఫ్రాంక్ రూబియో ఆఱు నెలలకని బయలుదేరెను. డిసెంబరులో ఆతని నౌకనుండి శీతలద్రవము కారిపోయినందున తిరుగుప్రయాణము వాయిదా పడి, 371 దినముల తరువాత 2023 సెప్టెంబరులో నేల చేరెను. ఏడాది కాలమని ముందే చెప్పియుండినచో కుటుంబమును తలచి బహుశః ఒప్పుకొనకపోయెడివాడనని ఆతడే బహిరంగముగా చెప్పెను. 2024 జూనులో కొలది దినములకని పోయిన సునీతా విలియమ్సు, బుచ్ విల్మోరులు 286 దినము లుండి 2025 మార్చిలో వచ్చిరి. వీరెవ్వరును మొఱపెట్టలేదు, తమ పని తాము చేసిరి. అది వారి గొప్ప. వారి గొప్పను మన బాధ్యతకు రసీదుగా చూపరాదు.

కాబట్టి సమ్మతి యనునది ఒక్కమాఱు వ్రాలు చేసి ముగించు పత్రము కాదని నా యభిప్రాయము. అది పంపినవానిని విడుదల చేయదు, కట్టివేయును. "నీవు నా మాట నమ్మి దేహమును పణముగా పెట్టితివి, ఇక దాని మేలు కీడులు నావి కూడ" అనుటయే దాని యర్థము. ఈ సత్యము పెద్ద ప్రభుత్వములకును ఆలస్యముగానే బోధపడినది. పదవి విడిచిన వ్యోమగాములకు యాత్ర వలన కలిగిన రోగములను జీవితాంతము పరీక్షించి చికిత్స చేయించుటకు నాసాకు అధికారమిచ్చు శాసనము అమెరికాలో 2017లో గాని రాలేదు. దానికి ముందు సంవత్సరమునకొకమాఱు పరీక్షించుట కలదు. పరీక్షించి రోగమును కనుగొని, చికిత్స నీ సొంత ఖర్చున చేయించుకొమ్మనుట యెట్టిదో చదువరులే యోచింపుడు.

మూడేండ్లు ముందుగా, 2014లో, నాసా కోరగా అమెరికాలోని వైద్యవిద్వత్సంస్థ యొకటి యీ ధర్మసంకటమునే విచారించెను. దీర్ఘయాత్రలలో ఆరోగ్యనియమములను పాటించుట సాధ్యము కానిచో నేమి చేయవలయును? నియమములను సడలింపవచ్చునా? ఆ దూరయాత్రలకు వేఱు నియమములు, తక్కువ నియమములు, చేసికొనవచ్చునా? రెండును ధర్మసమ్మతములు కావని పండితులు తేల్చిరి. నియమము నియమముగానే యుండవలెను; దానిని మీఱుట తప్పనిసరియైనచో, మీఱుచున్నామని ఒప్పుకొని, కారణము చెప్పి, ఒక్కొక్క సందర్భమును విడిగా పరిశీలించి మినహాయింపు నీయవలెను. ఇది మాటల గారడి వలె తోచవచ్చును, కాదు. కొలబద్దను కురుచ చేసికొన్నవాడు తన తప్పును మఱచును. కొలబద్ద నట్లే యుంచి తక్కువైనదని వ్రాసికొన్నవానికి తప్పు జ్ఞాపకముండును. బడిలో మార్కులు దిద్దువారి కీ భేదము బాగుగా తెలియును.

వికిరణపు హద్దు విషయమున నింకొక పాఠము కలదు. భూమియొక్క వాయుమండలమును అయస్కాంతక్షేత్రమును మనలను కాపాడుచుండ, వానిని దాటిన యాత్రికుని దేహములో విశ్వకిరణములు దూరిపోవును. కాలాంతరమున వ్రణరోగమునకు అవకాశము హెచ్చును. నాసా ఏర్పఱచిన పాత హద్దు వయస్సును బట్టియు స్త్రీపురుషభేదమును బట్టియు మాఱుచుండెడిది. ఆ లెక్క ప్రకారము స్త్రీలకు అపాయ మధికము గనుక వారికి అనుమతించిన మోతాదు తక్కువ. అనగా వారు అంతరిక్షమున గడపదగిన దినములును తక్కువ. ఎవరును దురుద్దేశముతో చేయలేదు, రక్షించుటకే చేసిరి. అయినను రక్షణ పేరిట కట్టిన గోడ ద్వారమునకు అడ్డముగా నిలిచెను. బాల్యమున కూతునకు చదువు మాన్పించిన తండ్రియు రక్షణ పేరే చెప్పెను గదా! 2022లో ఈ నియమము మాఱినది. 35 యేండ్ల స్త్రీకి కలుగు నపాయమును ప్రమాణముగా గైకొని లెక్కించి, జీవితకాలమునకు 600 మిల్లీసీవర్టులను హద్దును స్త్రీపురుషు లందఱికిని సమముగా నిర్ణయించిరి. అపాయ మెక్కువగలవారిని వెలుపల నుంచుట గాక, వారిని దృష్టిలో నుంచుకొని అందఱి హద్దును నిర్ణయించుట ఇందలి న్యాయము.

అయితే ఈ హద్దును కుజయాత్ర నిలువనీయునా? 2011లో బయలుదేరి 2012లో కుజుని చేరిన క్యూరియాసిటీ యను యంత్రము త్రోవలో వికిరణమును కొలిచెను. రానుపోను ప్రయాణమునకే సుమారు 660 మిల్లీసీవర్టులు తగులునని 2013లో లెక్క తేలినది. కుజునిపై నిలుచు కాలము ఇందులో చేరలేదు. వెనుక చెప్పిన ధర్మసంకటము రేపు నిజముగా రానున్నదని యిందువలన తెలియుచున్నది.

రోగము వచ్చినప్పటి మాట యింకను కష్టమైనది. 1985లో సల్యూత్-7 కేంద్రమున నున్న వస్యూతిన్ అను నాయకునికి జబ్బు ముదిరినందున ముగ్గురు యాత్రికులును అనుకొన్నదానికంటె ముందుగా నవంబరులో తిరిగివచ్చిరి. రోగమునకు ప్రతిఫలము పదవీనష్టమైనచో రోగి దానిని దాచుట సహజము. దాచినవానిని నిందించుటకు ముందు, దాచవలసిన స్థితిని కల్పించినదెవరో అడుగవలయును. దీనికి భిన్నమైన యుదాహరణ 2020లో వైద్యపత్రికలో ప్రకటింపబడినది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమున నొక వ్యోమగామికి యాత్రలో రెండు నెలలు గడచిన పిమ్మట మెడనరములో రక్తము గడ్డకట్టినట్లు కనబడెను. భూమిపై నున్న వైద్యులు సలహా చెప్పుచుండ అచ్చటనే పరీక్షలు జరిగెను, ఉన్న కొంచెపు మందును సరఫరా నౌక వచ్చువఱకు పొదుపుగా వాడిరి, యాత్ర పూర్తియయ్యెను. ఆ వ్యాసమున రోగిపేరు లేదు. లోకమునకు కావలసిన జ్ఞానము లోకమునకు దక్కెను. రోగి మానము రోగికి దక్కెను. ఒకని దేహము పదిమందికి పాఠమైనను, అది పదిమంది సొత్తు కాదని చూపిన రీతి యిది.

కుజమార్గమున సరఫరా నౌక రాదు. కుజుడు మిక్కిలి దూరమున నున్నప్పుడు ఇచ్చటి మాట యచ్చటికి చేరుటకు ఇరువది నిమిషములకు పైగా పట్టును. ప్రత్యుత్తరమునకు మరల నంతకాలము. అపుడు రోగికి వైద్యుడును ధైర్యమును తోటివారే. 1961 ఏప్రిలులో అంటార్కిటికాలోని నొవొలజరెవ్స్కాయ కేంద్రమున నున్న యొకేయొక వైద్యుడు, 27 యేండ్ల లియొనీద్ రొగజోవ్, ఉండుకము వాచి ప్రాణము మీదికి రాగా, తోటివారు అద్దము పట్టుకొని పరికరము లందించుచుండ, తన కడుపును తానే కోసికొని దానిని తొలగించుకొనెను, బ్రదికెను. ఈ సాహసమును పిల్లలకు చెప్పవలసినదే. కాని పంపువారు దానినుండి నేర్వవలసినది వేఱు: అట్టి సాహస మవసరమగునట్లు ఇంకెవ్వరిని పంపకుండుట. మాస్కోలో 2010 మొదలు 2011 వఱకు ఆఱుగురు 520 దినములు మూసిన గదులలో కుజయాత్ర నభినయించిరి. కాలము గడచుకొలది వారి కదలిక తగ్గినదనియు కొందఱి నిద్ర చెదరినదనియు 2013లో ప్రకటించిరి. ద్వారము వెలుపల మాస్కో నగరమున్నదని యెఱిగియు అట్లయ్యెను. వెలుపల శూన్యమే యున్నవాని మనస్సును కాపాడుట యెముకను కాపాడుటకంటె సులభము కాదు.

"పల్లెలలో వైద్యుడు లేక జనులు బాధపడుచుండ, ఆకాశమున నలుగురి యెముకల కింత శ్రద్ధయా?" అని యొక మిత్రుడు నాతో వాదించెను. ఆక్షేపణము తేలికగా త్రోసివేయదగినది కాదు. ఆ ధనమంతయు ఏదోయొక మందు రూపమున బీదలకు తిరిగివచ్చునని చెప్పి తప్పించుకొనుట నాకిష్టము లేదు. కొంత రావచ్చును, రాకపోవచ్చును. నేను చెప్పినది వేఱు. అచ్చటి శ్రద్ధ యెక్కువగుట దోషము కాదు; ఇచ్చటి శ్రద్ధ లేకుండుట దోషము. ఒకని మనము అపాయకరమైన చోటికి పంపునపుడు చేయవలసినది యేమో అచ్చట స్పష్టముగా కనబడుచున్నది. అపాయమును ముందుగా కొలువవలెను. పోనని చెప్పు స్వాతంత్ర్యము వానికి నిజముగా నుండవలెను. తిరిగివచ్చిన పిదప వాని దేహమును విడువరాదు. ఈ మూడింటికి రాకెట్టు అక్కఱలేదు.

ఇది వాదించి గెలిచితినని సంతోషించుచు ఇంటికి పోవుచుండగా నాకొక సంగతి జ్ఞప్తికి వచ్చెను. కొన్ని సంవత్సరముల క్రిందట మా వీధిలో మురుగు పొంగి యిండ్లలోనికి వచ్చెను. వీధివారమందఱము తలకొంచెము వేసికొని యొక మనుష్యుని పిలిపించితిమి. ఆతడు చొక్కా విప్పి, నడుమునకు త్రాడు కట్టుకొని, మూత తెఱచి దిగెను. ముఖమునకు గుడ్డ కూడ లేదు. అట్లు మనుష్యుని దింపుట 2013నాటి శాసనము ప్రకారము నేరమని నాకు తెలియును. ఆ సంగతి తరగతిలో చెప్పినవాడను. ఆ దినమున నేను చేసిన పని యేమనగా, వాసన వచ్చుచున్నదని కిటికీ మూసితిని. ఆతడు పైకి వచ్చెనా యని చూచుటకు కూడ మరల తెఱవలేదు. సాయంకాలము మురుగు పోయినందున, ఆతడు పని ముగించి పోయెనని యూహించితిని. ఆతనిని ఎవరైన అడిగియుండినచో, "వాడే యిష్టపడి దిగెను" అనియే చెప్పియుందును.

ఆకాశమునకు పోవువాని యిష్టము ఆశనుండి పుట్టినది. నూతి వంటి యా చీకటిలో దిగువాని యిష్టము ఆకలినుండి పుట్టినది. మొదటిదానికే సమ్మతి చాలదని పండితులు తేల్చుచుండ, రెండవదానితో నేను తృప్తిపడితిని. ఒకనిని పంపినది ప్రభుత్వము. ఒకనిని పంపినది నేను. ఋణము నాదగ్గఱ కూడ నున్నది.

మఱునాడు తరగతికి పోయి ఆ బాలికను లేపి, "నిన్న నేను చెప్పిన బదులు చాలదమ్మా, ఇష్టపడి పోయినను పంపినవారి పూచీ తీఱదు" అని చెప్పి, మా వీధి సంగతియు దాచక చెప్పితిని. పిల్లలు నవ్వలేదు. బాలిక కొంచెము యోచించి, "మరి ఆయన ఇప్పుడెలా ఉన్నారండీ?" అని యడిగెను. తెలియదని చెప్పవలసివచ్చెను. ఆ సాయంకాలము ఆతని యిల్లెక్కడో కనుగొనుటకు బయలుదేరితిని.